ఖాళీ డిస్కుకు నకలు

స్టూడియో యజమాని పొద్దున్నే వేసుకున్న లెక్క సులువైనదే. లాయరుగారి కూతురి పెళ్లి వీడియో ఉన్న డిస్కు కంప్యూటరుకు తగిలిస్తే మొరాయిస్తోంది. అలాంటిదే కొత్తది కొని, పాతదాన్ని మొత్తంగా అందులోకి క్లోన్ చేసి, ఆ నకలును బాగుచేసుకుని వీడియో తీసుకోవాలి. మర్నాడు నచ్చలేదని చెప్పి కొత్త డిస్కును అంగడికి తిరిగిచ్చేయాలి. పని చేయడానికి బావమరిది ఉన్నాడు. రెండు వీడియోలు చూస్తే గుండె ఆపరేషనైనా చేయగలనని నమ్మే రకం. తిండి ఎలాగూ అక్క పెడుతోంది కాబట్టి ఉచితం కిందే లెక్క.

"బావా, రెండూ ఒకే రంగు. కొత్తదాని మీద చిన్న గుర్తు పెడదాం."

"పెడితే అంగడివాడు వెనక్కి తీసుకుంటాడా?"

"పోనీ పాతదాని మీద?"

"అది కూడా ఎవరికైనా కొత్తదని అంటగట్టొచ్చు. నోరు మూసుకుని కానివ్వు."

యజమాని చేతిలో టీ చల్లారకముందే బావమరిది కేక పెట్టాడు. "వంద శాతం పూర్తి!"

"అంత పెళ్లీ ఇంత తొందరగానా?"

"చెయ్యి తిరిగినవాడి పని అట్లాగే ఉంటుంది బావా."

తెరిచి చూస్తే కొత్త డిస్కు ఖాళీ. పాతది కూడా ఖాళీయే. ఈ మహానుభావుడు ఖాళీ డిస్కును తీసుకెళ్లి నిండు డిస్కు మీదికి క్లోన్ చేశాడు. మోయడానికేమీ లేదు కనుకే పని చిటికెలో అయింది.

"ఒకందుకు మంచిదే బావా. పాతది ఇప్పుడు మొరాయించడం లేదు."

"ఏం ఉందని మొరాయిస్తుందిరా, దరిద్రుడా!"

"కంగారుపడకు. పైన ఫైళ్ల లెక్క చెరిగింది గానీ, లోపల సరుకు అట్లాగే ఉంటుంది. తవ్వి తీస్తా." బావమరిది పాత డిస్కు పట్టుకుని లోపలి గదిలో దూరాడు.

అంతలో లాయరు వచ్చాడు. ఊళ్లోవాళ్లను కోర్టుకీడ్చి బతికే మనిషి. యజమాని గబగబా కుర్చీ జరిపాడు.

"వీడియో ఎవరికీ ఇవ్వలేదు కదా?" లాయరు గొంతు తగ్గించాడు. "భోజనాల దగ్గర మా తమ్ముడి మీద చెయ్యి చేసుకున్నానయ్యా. ఆస్తి కేసులో వాడు దాన్ని సాక్ష్యం పెడతాడట. ఒక్క బొమ్మ కూడా మిగలకూడదు. ఎంతవుతుందో చెప్పు."

యజమాని గుండె మీది బరువు దిగింది. దిగిన చోటే లాభం మొలిచింది.

"ఆనవాలు లేకుండా చెరపడమంటే మాటలా సార్? నిపుణుడు కావాలి. అయినా మీ మనసు కనిపెట్టి పొద్దున్నే చేయించేశా." బల్ల మీదున్న కొత్త డిస్కునే తెరిచి, అదే పాతదన్నట్టు గర్వంగా చూపించాడు. లాయరు పొంగిపోయి పర్సు తీశాడు.

లోపలి గది తలుపు ధడాలున తెరుచుకుంది.

"బావా, మొత్తం దొరికింది! లాయరుగారు తమ్ముణ్ణి వాయించడం ఎంత స్పష్టంగా ఉందనుకున్నావ్! ఇప్పుడే ఆ తమ్ముడుగారు ఫోన్ చేసి అడిగితే ఆయనకు ఆ ముక్క పంపించేశా!"

లాయరు పర్సు లోపల పెట్టి, పై జేబులోంచి పెన్ను తీసి, యజమాని పూర్తి పేరేమిటని ఎంతో మర్యాదగా అడిగాడు.