సీనియారిటీ ప్రకారం నీళ్లు

పట్టణ నీటి సరఫరా కార్యాలయంలోని కంప్యూటరును రోజూ పొద్దున్నే, తలుపులు తెరిచిన వెంటనే ఆన్ చేయడం జరుగుతుంది. అది ఏమాత్రం జాప్యం లేకుండా మధ్యాహ్నానికల్లా పనిలోకి దిగుతుంది. ఊళ్లోని నీళ్ల వాల్వులన్నీ దాని అదుపులోనే ఉన్నాయి కనుక కుళాయిలు కూడా ఆ వేళకే నోరు తెరుస్తాయి. ఇందులో ఆశ్చర్యపోవలసింది ఏమీ లేదు. గొప్పవాళ్లు ఎవరైనా పిలవగానే వస్తారా?

ఆ కంప్యూటరుకు ఒక ఆపరేటరు ఉన్నాడు. మీట నొక్కడం, నొక్కాక తెర వైపు చూస్తూ కూర్చోవడం అతని ఉద్యోగం. తెర మీద ఒక చిన్న చక్రం గుండ్రంగా తిరుగుతూ ఉంటుంది. దాన్ని ఏళ్ల తరబడి చూసి చూసి అతనికీ ఆ జబ్బే అంటుకుంది. ఇంట్లో భార్య ఏదైనా అడిగితే, జవాబు చెప్పే ముందు కాసేపు శూన్యంలోకి చూస్తూ ఉండిపోయేవాడు. ఆమె ఓపిగ్గా ఆగేది. ఊరంతా ఆగగా లేనిది, తను ఆగలేదా!

అయితే ఒక విషయంలో మాత్రం ఆమె ఓపిక అడుగంటింది. ఇంటి కింద గదిలో ఆమెకొక లాండ్రీ ఉంది. పెళ్లికి ముందు నుంచీ కలలు కని, పైసా పైసా కూడబెట్టి పెట్టుకున్న షాపు అది.

"ఊరికి నీళ్లు వదిలేది మా ఆయనే అని చెప్పుకోడానికి సిగ్గేస్తోందండీ! మధ్యాహ్నం ఉతికిన దుప్పటి ఎప్పటికి ఆరేను? తడిబట్టలు మడతపెట్టి ఇస్తే ఎవరు పట్టుకెళతారు? ఇలాగే ఉంటే షాపుకి తాళం వేసేసి, నేనూ వచ్చి మీ పక్కనే కుర్చీ వేసుకుని ఆ చక్రం చూస్తూ కూర్చుంటాను."

ఆ షాపు మూతపడితే ఆమె మొహంలో మళ్లీ నవ్వు చూడలేనని అతనికి తెలుసు. ఎలాగైనా సరే, నీళ్లు పొద్దున్నే వదలాలి.

ఇక్కడ ఆ కార్యాలయపు సంప్రదాయం గురించి ఒక మాట చెప్పుకోవాలి. మిగతా చోట్ల పదవీ విరమణ చేసిన ముఖ్యాధికారుల ఫొటోలు గోడకు తగిలిస్తారు. ఇక్కడ గోడలన్నీ చెమ్మ. ఏ ఫొటో తగిలించినా నెల తిరక్కుండా మీసాల దాకా బూజు పట్టేది. కుళాయిల్లోకి రాని నీళ్లు ఎక్కడికి పోతున్నాయో కార్యాలయానికి తెలియదు గానీ, ఆ గోడలకు తెలుసు. అందుచేత ఫొటోలకు బదులు, వెళ్లిపోయే ప్రతి అధికారి హార్డ్ డిస్కునీ శాశ్వతంగా కంప్యూటరుకు తగిలించి, కింద ఇత్తడి ఫలకం మీద ఆయన పేరు చెక్కించాలని తీర్మానించారు. వారి అనుభవం భావితరాలకు అందుబాటులో ఉండాలి కదా.

అనుభవం అంటే అలాంటి ఇలాంటి అనుభవం కాదు. ఒకాయన డిస్కు నిండా ఆయన చేసిన ప్రసంగాలు. ఇంకొకాయన డిస్కు నిండా ఆయన కుళాయిలు తిప్పుతూ దిగిన ఫొటోలు; ఏ ఒక్క కుళాయిలోనూ చుక్క నీరు కనబడదు. మరొకాయన డిస్కులో అసలేమీ లేదు. అందులో ఇంతవరకూ ఎవరూ తప్పు పట్టలేకపోయారు కనుక ఆయనంటేనే అందరికీ ఎక్కువ గౌరవం. అందరికంటే పెద్దాయన పోయి చాలాకాలమైంది. ఆయన డిస్కు కూడా పోయింది. ఎంత అడిగినా టకటకమని చప్పుడు చేస్తుందే తప్ప బదులివ్వదు. అంతటివారి డిస్కును విప్పేద్దామని అనడానికి ఎవరికి నోరొస్తుంది?

కంప్యూటరు నిద్ర లేవగానే, పని ఏ డిస్కులో ఉందో వెతుక్కోవాలి. ముందు ఎవరిని అడగాలన్న ప్రశ్న వచ్చినప్పుడు కార్యాలయం క్షణమైనా తడబడలేదు. సీనియారిటీ ప్రకారమే! ముందు పోయిన పెద్దాయనను అడగాలి. ఆయన పలకకపోతే మరోసారి అడగాలి. అప్పటికీ పలకకపోతేనే తర్వాతి వారి దగ్గరికి వెళ్లాలి. నీళ్లు వదిలే ప్రోగ్రాము ఉన్న డిస్కు, పాతది పాడైతే నిరుడు కొన్నది. అందరికంటే జూనియరు. కాబట్టి దాని వంతు అందరికంటే చివర.

జాప్యానికి కారణం ఇదేనని ఎవరికీ తట్టలేదు. పెద్దల వల్ల పని ఆగుతుందని ఊహించడమే మర్యాద కాదు. కార్యాలయం ఇతర కారణాలను కూలంకషంగా పరిశీలించింది. కంప్యూటరుకు ఉక్కపోస్తోందేమోనని ఏసీ పెట్టించారు. తెర చిన్నదైందేమోనని గోడంత తెర కొన్నారు. చక్రం బండి చక్రమంత అయింది. మొదటిదానికి తోడుగా రెండో కంప్యూటరును తెచ్చి, అది చిన్నబుచ్చుకోకుండా దానికీ పెద్దలందరి డిస్కుల నకళ్లు తగిలించారు. అదీ మధ్యాహ్నానికే లేవసాగింది. రెండూ ఒకే వేళకు లేస్తున్నాయంటే లోపం కంప్యూటర్లలో లేదని రుజువైందన్నారు. రుజువయ్యాక దాన్ని తీసుకెళ్లి బీరువాలో పెట్టారు.

ఇలా ఉండగా గోడలకు రంగులు వేయించవలసి వచ్చింది. రంగులవాళ్లు తీగలు పీకేసి, పెద్దలందరినీ వరండాలోకి చేర్చారు. ఆ పొద్దున ఆపరేటరు అలవాటుగా మీట నొక్కి, టీ కోసం అటు తిరిగాడు. ఇటు తిరిగేసరికి కంప్యూటరు పనిలో ఉంది.

పంపు మెకానిక్ పరుగెత్తుకొచ్చాడు. "గురూ, ఇందులో ఏదో కాలిపోయింది! లేకపోతే ఇంత తొందరగా లేవడమేంటి? ఆపెయ్, ఆపెయ్!"

ఆపరేటరు ఆపలేదు. వరండాలోకి చూశాడు. డిస్కులన్నీ ఒక గోనెసంచి మీద బుద్ధిగా కూర్చుని ఉన్నాయి. ఒక్కసారిగా అతనికి విషయం వెలిగింది. ఇన్నేళ్లూ చక్రం తిప్పింది వీళ్లా అనుకున్నాడు. ఒళ్లు మండింది, వెంటనే నవ్వూ వచ్చింది.

రంగులు ఆరాక డిస్కులను తిరిగి యథాస్థానంలో పెట్టాడు. కరెంటు తీగ మాత్రం తగిలించి, కంప్యూటరులోకి వెళ్లే తీగను వెనక్కి మడిచి దాచేశాడు. డిస్కుల మీది చిన్న దీపాలు మిణుకుమిణుకుమంటున్నాయి. పింఛను కోసం వచ్చిన మాజీ అధికారి ఒకాయన తన దీపాన్ని చూసుకుని కళ్లు తుడుచుకున్నాడు. "నా అనుభవం ఇంకా పనికొస్తోందన్నమాటయ్యా!" అన్నాడు.

"మీరు లేకపోతే ఏ పనీ జరగదు సార్," అన్నాడు ఆపరేటరు వినయంగా.

ఊళ్లో పొద్దున్నే నీళ్లొచ్చాయి. లాండ్రీలో భార్య చేతులు నురగలో ముంచి చిన్నపిల్లలా నవ్వింది. అతని కడుపు నిండిపోయింది. కానీ ఊరికి అజీర్తి చేసింది.

ఇన్నాళ్లూ ఆ ఊరి బతుకు ఒక్క మాట మీద నడిచింది: "నీళ్లు రాలేదండీ." పనికి ఆలస్యమైన గుమాస్తా అదే చెప్పేవాడు. స్నానం చేయని పిల్లాడు అదే చెప్పేవాడు. దిగుతామన్న చుట్టాలకు ఇంటావిడ అదే చెప్పేది. ఇప్పుడు గుమాస్తా జీతం కోత పడింది. పిల్లాడి వీపు విమానం మోత మోగింది. చుట్టాలు పెట్టెలతో సహా దిగిపోయారు. నీళ్ల డ్రమ్ముల వ్యాపారి డ్రమ్ముల మధ్య కూలబడి నెత్తి కొట్టుకున్నాడు. ఎన్నడూ కలవని జనం కలిసికట్టుగా కార్యాలయం ముందుకొచ్చారు. ముఖ్యాధికారి మెట్లెక్కి గొంతు సవరించుకున్నాడు.

"ప్రజలారా! వేళకు నీళ్లు రావడమనే ఈ విపత్తుకు నేనెంతో చింతిస్తున్నాను. పెద్దల అనుభవాన్ని వెనక్కి నెట్టి ఎవరో దుస్సాహసం చేశారు. దోషులు ఎంతటివారైనా వదిలేది లేదు. నీళ్లు మళ్లీ ఆలస్యంగా వచ్చేలా యుద్ధప్రాతిపదికన చర్యలు తీసుకుంటామని హామీ ఇస్తున్నాను!"

చప్పట్లు మారుమోగాయి. అందరికంటే గట్టిగా కొడుతున్నదెవరా అని ఆపరేటరు తొంగి చూశాడు. ముందు వరుసలో, తన భార్య.

ఆ సాయంత్రం అతను తీగలన్నీ మళ్లీ తగిలించి ఇంటికి వెళ్లాడు. లాండ్రీలో తీగల మీద ఒక్క గుడ్డ లేదు. ఆమె ఖాళీ తొట్టి పక్కన గడ్డం కింద చెయ్యి పెట్టుకుని కూర్చుని ఉంది.

"నువ్వే కదా పొద్దున్నే నీళ్లు కావాలన్నావు?" అన్నాడు అతను, ఏడుపొక్కటే తక్కువగా.

"అన్నాను. ఎవరి ఇంట్లో వాళ్లకి నీళ్లొస్తే ఎవరి బట్టలు వాళ్లే ఉతుక్కుంటారు, నా దగ్గరికెవరొస్తారు? నాకు రావాలన్నాను గానీ, ఊరందరికీ రావాలన్నానా?"

అతను చాలాసేపు శూన్యంలోకి చూస్తూ ఉండిపోయాడు. ఈసారి అది జబ్బు కాదు.

మర్నాటి నుంచి కార్యాలయం వెనక గుమ్మం దగ్గర రద్దీ మొదలైంది. ఒక్కొక్కరే వచ్చి, అటూ ఇటూ చూసి, అతని చెవిలో గుసగుసగా ఒకే కోరిక చెప్పి వెళుతున్నారు: ఊరి సంగతి ఎలా ఉన్నా, తమ ఒక్క ఇంటికి మాత్రం పొద్దున్నే వదలమని. ఆ వరుసలో మీరూ ఉన్నారు. మొహానికి రుమాలు అడ్డం పెట్టుకున్నారు గానీ, అతను గుర్తుపట్టాడు.