లెక్కల సారుకు పెద్ద బాధ్యత

"ఈ క్షణం నుంచి ఈ బడి ప్రభుత్వానిది కాదు. మీది!" అని మంత్రిగారు మైకులో ప్రకటించగానే మేమంతా చప్పట్లు కొట్టాం. బడి మా సొంతమైనందుకు నాకు కళ్ళు చెమర్చాయి కూడా. పక్కన కూర్చున్న వడ్రంగి అన్నయ్య మాత్రం, "వానకు కారే ఆ కప్పు కూడా మనదేనా చెల్లెమ్మా?" అని గొణిగాడు. మంచి పనులను శంకించేవాళ్ళు ప్రతి వీధిలోనూ ఒకరుంటారు. అతని కొడుకూ మా అమ్మాయీ ఏడో తరగతిలో ఒకే సెక్షను.

పథకం పేరు 'అమ్మానాన్నల బడి'. తల్లిదండ్రులు పాలుపంచుకోనిదే బడి బాగుపడదని మంత్రిగారు విదేశీ పర్యటనలో స్వయంగా కనిపెట్టారట. ఇకపై ప్రతి శనివారం సమావేశం. పాలుపంచుకోవడాన్ని దేంతో కొలవాలన్న చిక్కుముడిని మా విద్యాధికారిగారు ఒక్క పూటలో విప్పేశారు. సమావేశంలో ఎవరు ఏ ఫిర్యాదు చేసినా అది ఒక భాగస్వామ్యం. బల్ల విరిగిందంటే ఒకటి. కుళాయి రావట్లేదంటే ఇంకొకటి. అన్నీ కలిపి శాతం కట్టి పై ఆఫీసుకు పంపాలి. శాతం ఎక్కువున్నదే మంచి బడి.

శాతాలు కట్టాలంటే లెక్కలు రావాలి. బడిలో లెక్కలు వచ్చినాయన ఒక్కరే. సోమవారం పొద్దున సమీకరణాల పాఠం మొదలుపెట్టి, బోర్డు మీద 'ఎక్స్ విలువ ఎంత?' అని రాసిన లెక్కల సారును సుద్దముక్క చేతిలో ఉండగానే పిలిపించి, భాగస్వామ్య సమన్వయకర్తను చేశారు. ప్రతిభను ఇంత త్వరగా గుర్తించడం నేనెక్కడా చూడలేదు.

మా అమ్మాయి లెక్కల పుస్తకం తెరిస్తే కడుపునొప్పి అనే పిల్ల. ఈ సారు వచ్చిన నాలుగు నెలలకు భోజనం చేస్తూ కూడా కంచం పక్కన వేలితో లెక్కలు వేయసాగింది. "నాకు వస్తున్నాయమ్మా!" అని తనే ఆశ్చర్యపోయేది. ఏడాది పరీక్షలో లెక్కలు తప్పితే ఎనిమిదిలోకి పంపరు. పరీక్షకింక పది వారాలే ఉన్నాయి.

అందుకని మొదటి శనివారమే లేచి నిలబడ్డాను. "లెక్కల సారును క్లాసుకు పంపండి" అన్నాను.

విద్యాధికారిగారి ముఖం వెలిగిపోయింది. "అద్భుతం! రాసుకోండి సార్, ఒకటి."

లెక్కల సారు తలవంచుకుని రాసుకున్నారు.

"నాదీ అదే మాట" అన్నాడు వడ్రంగి అన్నయ్య.

"రెండు!"

"అయ్యా, పిల్లలు గాలికి తిరుగుతున్నారు" అంది వెనక నుంచి ఇస్త్రీ బండి ఆవిడ.

"మూడు! వెనక వరుసవాళ్ళు మొహమాటపడకండమ్మా, చెప్పండి, చెప్పండి."

సారునే ఎదురుగా పెట్టుకుని, సారు కావాలని నలభైమందిమి అడిగాం. మూడో వారానికి మా బడి జిల్లాలో మొదటి స్థానానికి చేరింది. నేను వేలు చూపించి నిలదీస్తున్న ఫోటో పేపర్లో వచ్చింది. కింద 'ఉత్సాహంగా పాల్గొంటున్న మాతృమూర్తి' అని వేశారు. ఏడో తరగతి బోర్డు మీద ఎక్స్ మాత్రం అలాగే ఉంది.

నాలుగో వారం నేనే సారు గదికి వెళ్ళాను. అది వెనకటి ల్యాబు. గాజు గొట్టాలను ఒక మూలకు నెట్టి కంప్యూటరు పెట్టారు.

"మీరైనా పైవాళ్ళకు చెప్పుకోవచ్చు కదా సారూ?"

"చెప్పానమ్మా. నన్ను క్లాసుకు పంపమని రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చాను."

"ఏమైంది?"

"ఉపాధ్యాయుల భాగస్వామ్యం కింద కలిసింది. ఒకటిన్నర శాతం పెరిగాం."

ఆయన కంప్యూటరును నా వైపు తిప్పారు. "వచ్చే ఫిర్యాదుల్లో నూటికి తొంభై నా గురించే. నేను క్లాసుకు వెళ్తే అవి ఆగిపోతాయి. ఆగితే బడి అట్టడుగుకు పోతుంది. అట్టడుగు బడిని పైకి తేవాలంటే మంచి సమన్వయకర్తను వేయాలి." కంప్యూటరును మళ్ళీ తన వైపు తిప్పుకుని, "నేనే ఉన్నాను కదా" అన్నారు.

ఎంత చక్కగా చెప్పారో! ఒక్కసారికే అర్థమైపోయింది. మా అమ్మాయికి లెక్కలు ఎందుకు వచ్చాయో కూడా తెలిసింది.

ఆ వారమంతా ఇంటింటికీ తిరిగాను. శనివారం అందరం వెళ్దాం, ఎవరం నోరు విప్పొద్దు అని చెప్పాను.

"ఆ పని ఇంట్లో రోజూ చేసేదే" అన్నాడు వడ్రంగి అన్నయ్య. "మీ వదిన ఎప్పుడో నేర్పింది."

శనివారం హాలు నిండిపోయింది. ఫ్యాను కిర్రుమంటున్న చప్పుడు తప్ప ఇంకేం లేదు.

"అడగండమ్మా" అన్నారు విద్యాధికారిగారు. అందరం గోడ వైపు చూశాం. "పోనీ, కప్పు కారట్లేదూ? కుళాయి? కనీసం నన్ను తిట్టండి, అదీ కలుస్తుంది!"

ఇస్త్రీ బండి ఆవిడ ఉత్సాహంగా నోరు తెరవబోయింది. చేయి పట్టుకుని ఆపాను.

ఆయన నుదురు తుడుచుకున్నారు. "వచ్చే వారం మంత్రిగారు అవార్డు ఇవ్వడానికొస్తున్నారు. సున్నా చూసి ఏమంటారు? నా ముఖం చూసైనా..."

"సారు ఏడో తరగతికి వెళ్తే మాట్లాడతాం" అన్నాను.

"ఒకటి!" అన్నారాయన చటుక్కున.

"అది కలపకండి. అది షరతు."

ఆయన వరండాలోకి వెళ్ళి ఫోన్లో చాలాసేపు 'చిత్తం, చిత్తం' అని, నవ్వుతూ వచ్చారు. "మంత్రిగారు తబ్బిబ్బయిపోయారు! తల్లిదండ్రుల మాటే మా బాట అన్నారు. సోమవారం నుంచి సారు రోజూ మొదటి పీరియడు ఏడో తరగతిలోనే ఉంటారు."

నోటిమాట చాలదన్నాను. అక్కడికక్కడే ఉత్తర్వు రాసి ముద్ర కొట్టి ఇచ్చారు. రెండుసార్లు చదివాను. తరగతి, పీరియడు, తేదీ అన్నీ సరిగ్గానే ఉన్నాయి. ఈసారి చప్పట్లు మంత్రిగారికి కొట్టినదానికంటే గట్టిగా మోగాయి. కృతజ్ఞతగా కప్పు మీదా, కుళాయి మీదా, ఆ ఫ్యాను మీదా తలా ఒక ఫిర్యాదు ఇచ్చి మరీ ఇళ్ళకు వెళ్ళాం.

సోమవారం మా అమ్మాయి అరగంట ముందే బడికి పరిగెత్తింది. సాయంత్రం వీధి గుమ్మంలోనే పట్టుకుని అడిగాను.

"సారు వచ్చారా?"

"వచ్చారు. పీరియడంతా ఉన్నారు."

"ఏం చెప్పారు?"

"చెప్పలేదు, రాయించారు. ఇక నుంచి పిల్లల భాగస్వామ్యం కూడా కలుపుతారట. తలా ఒక కాగితం ఇచ్చి, బడిలో మీకేం కావాలో రాయమన్నారు."

"నువ్వేం రాశావు?"

"లెక్కల సారు కావాలని."

"మిగతావాళ్ళు?"

"వాళ్ళూ అదే. సారు కాగితాలన్నీ లెక్కపెట్టుకుని, కాసేపు కిటికీలోంచి బయటికి చూసి, మన క్లాసుకు నూటికి నూరు వచ్చిందన్నారు. అందరం చప్పట్లు కొట్టాం."