ఏడు బాత్రూముల ఇల్లు

"ఇంకో ముప్పై ఏళ్ళ దాకా ఈ నగరంలో మురుగు అన్న మాటే వినబడదు!" అని చీఫ్ ఇంజినీరు గారు బల్ల గుద్ది ప్రకటించారు. ఆ దెబ్బకు గ్లాసు ఒరిగి, నీళ్ళు పోయే దారి లేక ఫైళ్ళ కిందికి పాకాయి.

ఆ ఫైళ్ళు ఇంజినీరమ్మవి. ఊరు ఏటా ఎంత పెరుగుతోందో లెక్కగట్టి, కట్టబోయే మురుగునీటి శుద్ధి కేంద్రం రోజుకు పన్నెండు కోట్ల లీటర్లు పట్టాలని రాసింది. చీఫ్ గారు దాన్ని కొట్టేసి నాలుగు వేశారు.

"నాలుగేం సరిపోతుంది సార్! పల్లంలో ఇళ్ళన్నీ మునిగిపోతాయి."

పల్లంలో మొదటి ఇల్లు ఇంజినీరమ్మ తల్లిదే. మొన్నటి వానకు మురుగు వంటింట్లోకి వస్తే, పాపం ఆవిడ స్టవ్వు మంచమెక్కించి వండుకుంది.

"నా సొంత కవిత్వం కాదమ్మా, జనం రాసిచ్చిందే!" అంటూ చీఫ్ గారు సర్వే ఫారాల కట్ట తోశారు.

నిజమే. "మీ ఇంటి నుంచి రోజుకు ఎంత మురుగు వస్తుంది?" అని ఉంది ఫారంలో. పరువు గలవాళ్ళను అడగదగ్గ ప్రశ్నేనా అది! గుట్ట మీది కాలనీలో డాక్టరు గారు "రెండు చెంబులు" అన్నారు. లాయరు గారు "మాది శుభ్రమైన కుటుంబం" అని సంతకం పెట్టారు. చీఫ్ గారి భార్య సున్నాను అంకెల్లో ఒకసారి, అక్షరాల్లో ఒకసారి రాసింది.

"మీ ఇంట్లో స్నానాలు చెయ్యరా సార్?"

"ఎందుకు చెయ్యం? ఒంటికి మురికి ఉంటే కదమ్మా మురుగు!"

ఇంజినీరమ్మ కొత్త ఫారం అచ్చేయించింది. ఒకటే ప్రశ్న: మీ ఇంట్లో బాత్రూములెన్ని? కింద సాక్షిగా పక్కింటివారి సంతకం.

ఇంకేముంది! డాక్టరు గారు నాలుగన్నారు. దానికి సాక్షి సంతకం చేసిన లాయరు గారు తనకు అయిదన్నారు. చీఫ్ గారి భార్య ఏడు వేసి, రెండింట్లో తొట్లున్నాయని చేర్చింది. బాత్రూముల లెక్కన ఊరంతా కూడితే రోజుకు పదహారు కోట్ల లీటర్లు తేలింది.

"ఏడా? మాకున్నవి రెండే కదా!" అనేశారు చీఫ్ గారు.

"అయితే కొట్టేద్దామా సార్? సాక్షి లాయరు గారే. కబురు పెట్టమంటారా?"

చీఫ్ గారు గతుక్కుమన్నారు. "వద్దొద్దు! పెరిగే ఊరు కదా..." అంటూ పదహారు కోట్లకు సంతకం చేసి, అందరికీ వినబడేలా, "మొదట్నుంచీ నేను మొత్తుకుంటున్నది ఇదే!" అన్నారు.

ఆ సాయంత్రం ఇంజినీరమ్మ ఇంట్లో కూర్చుని పల్లం ఫారాలు సర్దుతుంటే వాళ్ళమ్మది దొరికింది. ఆరు బాత్రూములు!

"అమ్మా! మనకున్నది ఒక్కటి. అదీ మూడు వాటాలకీ కలిపి!"

"పక్కింటావిడ అయిదు వేసిందే! ఇంజినీరు తల్లిని, నాకు మాత్రం పరువుండొద్దూ?"

లీటరు లీటరుకూ పోట్లాడిన ఇంజినీరమ్మ కలం మూత తీసింది. తల్లి మొహం చూసి మళ్ళీ పెట్టేసింది.

"పెరిగే ఊరు కదా," అంటూ ఫారాన్ని కట్టలోకి తోసేసింది.