కింది కంటికి మూత

ఆ ఆదివారం పొద్దున కళ్ళజోళ్ళాయన వేసుకున్న పథకం చాలా చిన్నది. తన కళ్ళజోళ్ళ షాపుకు సెలవు కనుక, పాత కెమెరాల షాపు తెరిచే వేళకు వెళ్ళి తన తాహతుకు తగ్గ పాత ఫిల్మ్ కెమెరా ఒకటి కొనుక్కోవాలి. పెదనాన్న సామాను లారీ ఎక్కేలోపు ఇంటికొచ్చి, నాన్ననూ పెదనాన్ననూ పక్కపక్కన నిలబెట్టి ఒక్కటంటే ఒక్క ఫోటో తీయాలి. అందులో కష్టమైన పని కెమెరా కొనడం కాదు, వాళ్ళిద్దరినీ నిలబెట్టడం.

ఆ అన్నదమ్ములు ఒకే ఇంట్లో మేడ మీద ఒకరు, కింద ఒకరు ఉంటూ ఏళ్ళ తరబడి మాట్లాడుకోలేదు. కారణం వింటే నవ్వొస్తుంది. కళ్ళజోళ్ళాయన పెళ్ళినాటి గ్రూపు ఫోటోకు నాన్న ఫ్రేము కట్టించాడు. ఫ్రేములో పట్టడం లేదని కట్టినవాడు ఒక అంచు కత్తిరించేశాడు. ఆ అంచున పెదనాన్న ఉన్నాడు. ఒక చెవి, ఒక కన్ను, అర మీసం మిగిలాయి.

"నన్ను నిలువునా నరికి గోడకు వేలాడదీశాడు!" అని ఆయన పైకెళ్ళి తలుపేసుకున్నాడు. "కోసింది నేనా?" అని ఈయన కింద తలుపేసుకున్నాడు. ఇప్పుడు పెదనాన్న ఏకంగా ఊరి అవతలి కొసకు మకాం మార్చేస్తున్నాడు. గడప దాటాడంటే ఇక అంతే సంగతులని కళ్ళజోళ్ళాయనకు తెలుసు. ఆ దిగులుతో వారం నుంచీ ఆయనకు నిద్ర లేదు.

"పోనీ ఫోనుతో ఒక ఫోటో తీస్తాను పెదనాన్నా" అని బతిమాలితే, "ఫోనులో వేలితో రుద్దితే మనిషే మాయం! పెద్ద నెగెటివ్ పడే కెమెరా తీసుకురా, అప్పుడు చూద్దాం. అందులోంచి నన్నెవడూ పీకలేడు" అన్నాడాయన.

పాత కెమెరాల షాపావిడ మూడు కెమెరాలు బల్ల మీద పెట్టింది. మొదటిది కొలిమితిత్తిలా సాగేది, మడత మడతకూ చిల్లులే. రెండోది దర్జాగా ఉంది గానీ మెడలో వేసుకుంటే మెడ వంగిపోయింది, ధర వింటే నడుమూ వంగిపోయింది. మూడోది నిలువుగా ఉన్న నల్ల పెట్టె. ముందు ఒకదాని మీద ఒకటిగా రెండు కళ్ళు.

"కంపెనీ పేరు ఊడిపోయింది, అందుకే చవక బాబూ. పై కన్ను మీరు చూసుకోవడానికి, కింది కన్ను ఫిల్ముకి. ఇలా పొట్టకి ఆనించుకుని, తల వంచి పైనుంచి చూడాలి" అంటూ ఆవిడే ఫిల్ము కూడా ఎక్కించి ఇచ్చింది.

అద్దాల దగ్గర కళ్ళజోళ్ళాయన ఎవరి మాటా నమ్మడు. టార్చి వేసి రెండు కళ్ళూ పరీక్షించాడు. బూజు లేదు, గీత లేదు. మెత్తటి గుడ్డతో తుడిచాడు. కింది కంటికి ఏమైనా అయితే కొంప మునుగుతుందని, తన షాపు నుంచి తెచ్చుకున్న రబ్బరు మూత దానికి భద్రంగా తొడిగాడు. అప్పుడు తల వంచి పెట్టెలోకి చూశాడు.

అమ్మయ్యో! అరచేతిలో పట్టేంత గాజు పలక మీద వీధి వీధంతా వెలుగుతోంది. ఎండ, ఆరేసిన దుప్పట్లు, గోడ మీద పిల్లి, అన్నీ అప్పుడే కడిగి పెట్టినట్టున్నాయి. పుట్టినప్పటి నుంచీ నడుస్తున్న వీధి ఇంత అందంగా ఉంటుందని ఆయనకు ఎవరూ చెప్పలేదు. ఇన్నాళ్ళూ ఊళ్ళోవాళ్ళ చూపు సరిచేస్తూ, తాను చూసిందేమిటి? ఆయన కళ్ళు చెమర్చాయి.

తల ఎత్తబుద్ధి కాలేదు. అలా చూస్తూనే ఇంటి దారి పట్టాడు. గాజులో కుడి ఎడమలు తారుమారు. పాల సైకిలును తప్పుకోబోయి సరిగ్గా దాని మీదికే వెళ్ళాడు. పాలాయన తిట్టిన తిట్లు కూడా చెవికెక్కలేదు.

అది పక్కింటి పిన్నిగారు చూసింది. ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదు. పరుగున నాన్న దగ్గరికొచ్చి, "అన్నయ్యగారూ, మీవాడు నల్లపెట్టె ఒకటి హత్తుకుని తల వంచుకుని వస్తున్నాడండీ! పిలిస్తే ఉలుకూ పలుకూ లేదు. కళ్ళనిండా నీళ్ళు!" అంది.

నాన్న మేడ వైపు చూశాడు. తలుపుకు తాళం. "పొద్దున్నే ఎటో వెళ్ళాడే!" అన్నాడు కంగారుగా. పిన్నిగారికి ఆ ఒక్క మాటా చాలు, పుకారు బయల్దేరింది. రెండో ఇంటి దగ్గర పెదనాన్న కళ్ళు తిరిగి పడిపోయాడు, నాలుగో ఇంటి దగ్గర ఆసుపత్రిలో చేరాడు, మలుపు తిరిగేసరికి ఆ నల్లపెట్టెలోనే ఉన్నాడు. తెల్లారి మేడ దిగిన మనిషి ఇంతలో బూడిదెలా అయ్యాడని ఏ మహానుభావుడూ అడగలేదు.

ఆ పుకారు తిరిగొచ్చి చెవిన పడగానే నాన్న చెప్పుల్లేకుండా పరిగెత్తాడు. కొడుకు కాళ్ళ దగ్గర కూలబడి పెట్టెను వాటేసుకున్నాడు.

"అన్నయ్యా! తప్పు నాదే. ఫ్రేము ఇంటికి తెచ్చేముందు చూసుకోవాల్సింది. ఒక్కసారి నాతో మాట్లాడు అన్నయ్యా!"

"ఎవర్రా పోయింది?" అని వెనకనుంచి వినిపించింది. సామాను కట్టడానికి తాడు కొనుక్కుని, ఆ చుట్ట భుజాన వేసుకుని పెదనాన్న నిలబడి ఉన్నాడు.

"నువ్వే అన్నయ్యా!"

"నాకెవరూ చెప్పలేదే!" అన్నాడు పెదనాన్న. కానీ తమ్ముడన్న మాటలన్నీ విన్నాడు. తాడు కింద పడేశాడు. తమ్ముణ్ణి లేవనెత్తి గుండెలకు హత్తుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

కళ్ళజోళ్ళాయన గాజులోకి చూశాడు. ఇద్దరూ చతురస్రంలో నిండుగా ఉన్నారు. రెండు చెవులూ, పూర్తి మీసం, ఎక్కడా కోత లేదు. ఊపిరి బిగబట్టి ఫిల్ము అయిపోయేదాకా నొక్కుతూనే ఉన్నాడు.

"ఫోటో చూశాకే వెళ్తా" అని పెదనాన్న లారీని వెనక్కి పంపేశాడు.

మర్నాడు షాపావిడ కడిగిన ఫిల్మును వెలుతురుకు ఎత్తి పట్టింది. మంచినీళ్ళలా తేటగా ఉంది. ఈగ బొమ్మ కూడా లేదు. ఆవిడ కెమెరా తిప్పి చూసి, "ఈ మూత మాది కాదే బాబూ" అంది.

"నాదే" అన్నాడు కళ్ళజోళ్ళాయన. భూమి చీలితే బాగుండునని ఆయన జీవితంలో మొదటిసారి మనస్ఫూర్తిగా కోరుకున్నాడు.

కాళ్ళీడ్చుకుంటూ ఇల్లు చేరి నిజం భార్యకు మాత్రమే చెప్పాడు. పెద్దవాళ్ళతో, "సరిగ్గా రాలేదు, మళ్ళీ తీయాలి" అని నసిగాడు.

"దానికేం, వచ్చే ఆదివారం దాకా ఉంటా" అన్నాడు పెదనాన్న.

"ఆదివారం దాకా ఏంటి? ఫోటో వచ్చేదాకా ఎక్కడికీ కదలడానికి వీల్లేదు!" అని నాన్న గదమాయించాడు. అన్నగారు నోరు మూసుకుని, కట్టిన మూటలు విప్పడానికి మేడెక్కాడు. వెనకే తమ్ముడూ ఎక్కాడు.

ఆదివారం వచ్చింది. ఇద్దరూ ఇస్త్రీ చొక్కాలు తొడుక్కుని, ఎవరు ఏ పక్కన నిలబడాలో పోట్లాడుకుని, ఒకరి భుజం మీద ఒకరు చెయ్యి వేసి నిలబడ్డారు. కళ్ళజోళ్ళాయన తల వంచాడు. గాజులో వాళ్ళ నవ్వు చూసి ఆయన మనసు నిండిపోయింది.

"ఏమండీ, మూత!" అని భార్య చెవిలో గొణిగింది.

"ఉండనీ. ఈ వారం వెలుతురు చాలదు" అని ఆయన మీట నొక్కాడు.

ఎండ నెత్తి మాడ్చేస్తోంది.