విల్టన్ క్రీక్‌లో ఏ లోటూ లేదు

నెబ్రాస్కాలోని మా విల్టన్ క్రీక్ నుంచి యుద్ధానికి వెళ్లిన కుర్రాళ్లకు ఇకమీదట ఏడుపుగొట్టు కబురేదీ పంపరాదని చర్చి కిందిగదిలో, కాఫీ కేకుల సాక్షిగా, ఏకగ్రీవంగా తీర్మానించడమైనది. దిగులు కబురు చదివిన సైనికుడికి గురి తప్పుతుందట. వెంటనే ఉత్సాహ లేఖల సంఘం వెలసింది. అధ్యక్షురాలు బ్యాంకు మేనేజరుగారి భార్య థెల్మా హాగన్ గారు. ఊరు దాటే ప్రతి ఉత్తరమూ ముందు ఆవిడ ఎర్ర పెన్సిలు కింద తల వంచాలి. ఆపైన రాసినవాళ్లు దాన్ని శుభ్రంగా తిరగరాసి పంపుకోవచ్చు. అంత స్వేచ్ఛ ఉంది.

ఎడ్నా లిండ్‌క్విస్ట్ మొగుడు ఆర్విడ్ అలాస్కా దీవుల్లో సైన్యం వంటశాలలో బంగాళాదుంపలతో వీరోచితంగా పోరాడుతున్నాడు. ఆ పిచ్చిది అతనికి ఉన్నదున్నట్టు రాసేది. "కొట్టం కప్పు గాలికి ఎగిరిపోయింది" అని రాస్తే "గొడ్లకు వెలుతురు దండిగా వస్తోంది" అయింది. "ఆవు వట్టిపోయింది" అంటే "ఆవు విశ్రాంతి తీసుకుంటోంది" అయింది. "నువ్వు లేక నిద్ర పట్టడం లేదు" అన్నదాన్ని థెల్మాగారు స్వహస్తాలతో "మేజోళ్లు అల్లుకోవడానికి బోలెడు తీరిక దొరుకుతోంది" అని దిద్దారు. చివర "ఇక్కడ ఏ లోటూ లేదు" అన్న వాక్యం అందరికీ ఉచితం.

ఆర్విడ్ జవాబు రాశాడు. థెల్మాగారు దాన్ని సభలో చదివి వినిపించారు.

"చాలా సంతోషం ఎడ్నా. ఇంటి దగ్గర అవసరం ఉన్నవాళ్లకి నెల్రోజులు సెలవిస్తారట. మనకి ఏ లోటూ లేదుగా! అందుకే నా పేరు ఇవ్వట్లేదు."

"ఇదమ్మా త్యాగమంటే!" అన్నారు థెల్మాగారు కళ్లొత్తుకుంటూ.

"త్యాగమూ లేదు, గాడిదగుడ్డూ లేదు! మా ఆయన నాక్కావాలండీ!" అని ఎడ్నా లేచి అరిచింది.

దీన్ని "హర్షధ్వానాలు" అని నమోదు చేశారు.

ఎడ్నా ఆ పూటే పక్క ఊరి పోస్టాఫీసుకు పోయి, ఒక్క ముక్క కూడా దిద్దించకుండా తన గోడు మొత్తం ఆర్విడ్‌కి రాసి పడేసింది. ఆర్విడ్ సెలవు మీద వచ్చాడు. స్టేషన్లో బ్యాండు మేళం మోగింది. ఇది ఉత్సాహ లేఖల ఘనవిజయమని థెల్మాగారు ప్రసంగించారు. ప్రసంగం ముగించి, గొంతు తగ్గించి అడిగారు:

"మా క్లైడ్ ఏడి బాబూ? వాడూ మీ శిబిరమేగా?"

"రమ్మన్నానండీ. 'ఎందుకులే, మా అమ్మ హాయిగా ఉందట, నా గదిని కుట్టుపనికి వాడుకుంటోందట' అన్నాడండీ."

ఆ సాయంత్రమే థెల్మాగారు కేకు పట్టుకుని ఎడ్నా గుమ్మంలో నిలబడ్డారు.

"ఏమే అమ్మాయ్, ఆ ఉత్తరం ఎలా రాశావే?"

"ఏముందండీ! బెంగగా ఉంది, రమ్మని రాయండి."

"అయ్యో, మరీ అంత బాహాటంగానా!"

పెన్సిలు చాలాసేపు కొరికి, చివరికి "కొట్టం కప్పు ఎగిరిపోయింది" అని రాశారు. బ్యాంకు మేనేజరుగారింటికి అసలు కొట్టమే లేదు. ఆ సంగతి క్లైడ్‌కీ తెలుసు. అయినా తర్వాతి జట్టులో సెలవు పెట్టుకుని, సుత్తి కూడా తెచ్చుకుని వచ్చాడు.

ఆ చలికాలం చిన్న గాలి కూడా వీయకుండానే మా ఊరి తల్లుల ఉత్తరాలన్నిట్లోనూ కొట్టాల కప్పులు ఎగిరిపోయాయి. "బెంగగా ఉంది" అని మాత్రం ఒక్కరూ రాయలేదు. ఎంత యుద్ధమొచ్చినా పరువు పరువేగా!