దగ్గరివాళ్లకు ప్రసారం లేదు

అమెరికాలో ఏ ఆటనైనా, ఏ పౌరుడైనా, ఏ మూల నుంచైనా చూడవచ్చు. ఆట జరిగే చోటికి దగ్గరగా మాత్రం ఉండకూడదు. ఈ మహత్తర సూత్రం మీద నిలబడిన ప్రత్యక్ష ప్రసార వ్యవస్థలోకి విశ్వనాథం గారు గత జూన్‌లో, ఎవరి బలవంతమూ లేకుండా, తన క్రెడిట్ కార్డుతో సహా ప్రవేశించారు.

ఆయన మిషిగన్‌లో, డెట్రాయిట్ పక్కనున్న నోవైలో ఉంటారు. కార్ల బ్రేకులను పరీక్షించే ఉద్యోగం. బేస్‌బాల్ ఆయనకు కూతురు తార వల్ల అంటుకుంది. ఆమెను సాఫ్ట్‌బాల్ (అమ్మాయిల బేస్‌బాల్) ప్రాక్టీసులకు తిప్పిన ఏళ్లలో కారు రేడియోలో డెట్రాయిట్ జట్టు ఆట మోగుతూ ఉండేది. అది క్రికెట్‌కు వచ్చిన ఏదో జబ్బు అని ఆయన మొదట్లో అనుకున్నారు. రెండు సీజన్లు తిరిగేసరికి ఆ జబ్బు ఆయనకూ వచ్చింది.

తార ఇప్పుడు న్యూయార్క్ పక్కన జెర్సీ సిటీలో ఉంటూ ఒక బ్యాంకులో పనిచేస్తోంది. మామూలు రోజుల్లో తండ్రీకూతుళ్ల సంభాషణ తిన్నావా, తిన్నాను దగ్గర ముగిసిపోతుంది. ఆట ఉన్న రోజు మాత్రం ఇద్దరూ ఫోను స్పీకర్‌లో పెట్టుకుని చివరి ఇన్నింగ్స్ దాకా కూర్చుంటారు. బంతి విసిరే పిచ్చర్‌ను మార్చే విరామంలో ఆఫీసు గొడవలు, రూమ్మేట్ పిల్లి, ఒకసారి ధృవ్ అనే కుర్రాడి పేరు కూడా దొర్లాయి. (ఈ ఆట మరీ నత్తనడక అని విమర్శించేవారికి పెళ్లీడు పిల్లలు లేరనుకోవాలి.)

తార ఆటను ప్రసారాల ఆప్‌లో చూస్తుంది, ఈయన రేడియోలో వింటారు. చిక్కు అక్కడే వచ్చింది. రేడియోలో బంతి మైదానం గోడ దాటి వెళ్లిపోయాక కూడా ఆప్‌లో పిచ్చర్ ఇంకా టోపీ సర్దుకుంటూనే ఉంటాడు. దీన్ని ఆలస్యం అనకూడదు. ఆప్ వారి పరిభాషలో 'ఉత్కంఠ పొదుపు'. విశ్వనాథం గారు అబ్బా అంటే అవతల తార ఆట పాడయ్యేది. ఆయన అబ్బా అనడం మానేశారు. అప్పుడు కుర్చీ కిర్రుమనేది. కదలడం కూడా మానేశారు.

"నాన్నా, నువ్వు ఊపిరి ఆపేశావ్," అంది తార ఒక ఆదివారం. "అంటే ఏదో అయిపోయింది. నాకు తెలిసిపోతుంది."

ఆ తర్వాతి ఆటకు ఆమె ఫోను చెయ్యలేదు. అయ్యాక మాట్లాడుకుందామని మెసేజ్ పెట్టింది. అయ్యాక మాట్లాడుకున్నారు. తిన్నావా అని ఈయన అడిగారు, తిన్నానని ఆమె చెప్పింది.

అందుకని ఆయన కూడా ఆ ఆప్ తీసుకున్నారు. ఆప్ ఆయన ఉనికిని కనిపెట్టి, ఆయన డెట్రాయిట్ ప్రాంతవాసి కనుక డెట్రాయిట్ ఆట ఆయనకు కనిపించదని, మిగతా దేశమంతటి ఆటలూ హాయిగా చూడవచ్చని తెలియజేసింది. ఆయన హెల్ప్‌లైన్‌కు ఫోను చేశారు. సామీప్య వ్యవహారాల విభాగంలోని సీనియర్ నిపుణురాలు ఎంతో ఓపికగా విన్నారు. ఆయన అభిమాని కావడంలో తప్పేమీ లేదని, దగ్గరగా ఉండడం వల్లే ఈ పరిస్థితి వచ్చిందని వివరించారు. బేస్‌మెంట్‌లోకి వెళ్లి చూస్తే ఏమైనా ఉపయోగం ఉంటుందా అని ఈయన అడిగారు. లోతును దూరంగా పరిగణించరని ఆవిడ విచారం వ్యక్తం చేశారు. తార విషయం చెబితే, అమ్మాయి తగినంత దూరంలో స్థిరపడిందని మెచ్చుకున్నారు. చివరికి, ప్రయాణంలో ఉన్నవారికి వారు ఉన్న చోటి నిబంధనే వర్తిస్తుందని చెప్పి, ఎటైనా వెళ్లే ఆలోచన ఉందా అని అడిగారు.

సెప్టెంబరు చివరి ఆదివారం, గెలిస్తే ప్లేఆఫ్స్‌కు, అంటే నాకౌట్ పోటీలకు, వెళ్లే ఆట వచ్చింది. ఇవాళ నేనూ నీతోపాటే చూస్తాను, చేరగానే ఫోను చేస్తాను అని తారకు చెప్పి, భార్య జ్ఞానప్రసూన గారిని, ఆవిడ పులిహోర డబ్బాను కారులో ఎక్కించుకుని విశ్వనాథం గారు ఇండియానా వైపు బయలుదేరారు. ఆట మొదలయ్యేలోపు నిషిద్ధ ప్రాంతం దాటాలని పథకం. హైవే మీద రోడ్డు పనుల నారింజ డ్రమ్ములు ఆ పథకాన్ని ఆమోదించలేదు.

"ఎంతసేపండీ ఈ టైర్ల చప్పుడు వినడం," అంటూ జ్ఞానప్రసూన గారు రేడియో పెట్టారు. అలా, ఇంటి దగ్గర చూడడానికి వీల్లేని ఆటను చూడడానికి వెళ్తూ, దారి పొడవునా ఆ ఆటను వారు సుఖంగా విన్నారు. రాష్ట్రం దాటి చాలా దూరం పోయాక వ్యాఖ్యాత గొంతు గరగరలాడి పోయింది. చివరి ఇన్నింగ్స్. ఒక పరుగు వెనకబడ్డాం, ఒకడు బేస్ మీద ఉన్నాడు. బంతి గోడ దాటితే రెండు పరుగులు, గెలిచినట్టే.

విశ్వనాథం గారు గ్యాస్ స్టేషన్ పక్కన కారు ఆపి ఆప్ తెరిచారు. ఇంటికి దూరంగా ఉన్నందుకు అది ఆయన్ని అభినందించింది. తర్వాత అప్‌డేట్ అయింది, కోడ్ అడిగింది, ఒక ట్రక్కు ప్రకటన చూపించింది (దాని బ్రేకులు ఆయన పరీక్షించినవే). ఈలోగా తారకు ఫోను కలిసింది. బొమ్మ వచ్చింది. పిచ్చర్ చెయ్యి ఎత్తాడు. ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉండిపోయింది, దాని మీద సున్నా ఒకటి తిరగడం మొదలుపెట్టింది.

ఫోనులో తార ఊపిరి ఆగింది.

"ఏమైందమ్మా?"

"నువ్వు చూడట్లేదా?"

"ఆగిపోయింది."

"చెప్పనా నాన్నా? నీ ఆట పాడైపోతుంది మరి."

"చెప్పు."

"ఓకే. వాడు కొట్టాడు. లెఫ్ట్ సైడ్‌కి. హై, చాలా హై. ఫీల్డర్ వెనక్కి వెళ్తున్నాడు. ఇంకా వెళ్తున్నాడు. గోడకి ఆనుకున్నాడు. నాన్నా, ఇంక వాడికి ప్లేస్ లేదు."

విశ్వనాథం గారు అబ్బా అన్నారు. నెలల తరబడి దాచుకున్నది కావడంతో అది గ్యాస్ స్టేషన్ లోపలి దాకా వినిపించింది. జ్ఞానప్రసూన గారు కళ్లు తుడుచుకుని, రేడియోలో ఆయన కన్నా మన పిల్లే నయమని చెప్పి పులిహోర డబ్బా తెరిచారు.

ప్లేఆఫ్స్ నుంచి తార ఆప్ చూడడం మానేసింది. ఇప్పుడు విశ్వనాథం గారు నోవైలో ఫోను రేడియో పక్కన పెడతారు. ఇద్దరూ ఒకేసారి అబ్బా అంటారు. ఆయన తన ఆప్‌ను రద్దు చేయబోతే, విరమణ నివారణ విభాగం వారు ఆపి, ఆప్తులను కలిపి ఉంచే కుటుంబ ప్లాన్ ఒక నెల ఉచితమన్నారు. ఆ మాట నచ్చి ఆయన తార పేరు చేర్చబోయారు. ఆట చూపించడానికి ఆమెది సరైన దూరమే కానీ, కుటుంబం అనడానికి మరీ ఎక్కువ దూరమని ఆప్ ఆ పేరును తిరస్కరించింది. ఒక్క ఆప్ కూడా తెరవని జ్ఞానప్రసూన గారి ఉనికి దానికి ఎక్కడా దొరకలేదు. చివరికి అదే చొరవ తీసుకుని, ఇంట్లో వైఫైకి కలిసి ఉన్నవారిని పరిశీలించి, కుటుంబ సభ్యులు ఇద్దరని ధ్రువీకరించింది: విశ్వనాథం, ఫ్రిజ్.