మంట చూడవచ్చినవారి జాబితా

అడవి మంట కొండ దిగి బడిని కాల్చిన రోజు లెక్కల మాస్టారు సెలవులో ఉన్నారు. ఎందుకు రాలేదని ఎవరూ అడగలేదు. అడిగితే బాగుండునని ఆయనకు అనిపించింది.

మరునాడు ఉదయమే వాలంటీరుగా వెళ్లారు. తరగతి గదులు పోయాయి. ఆఫీసు గది మిగిలింది. అందులో బీరువా, బీరువాలో పదో తరగతి పిల్లల సర్టిఫికెట్లు. గది వెనక దుంగలు ఇంకా రాజుకుంటూనే ఉన్నాయి. పది గంటలకు నీళ్ల ట్యాంకరు వస్తుంది. అందాకా ఇరుకు దారి మలుపులో నిలబడి, మంట చూడవచ్చే బండ్లను వెనక్కి పంపాలి. అంతే పని.

మొదటి కారాయన కదలనన్నాడు. "ఒక్క ఫోటో, మాస్టారూ! తీసుకుని వెళ్లిపోతా."

తరగతిలో బెదిరించే అలవాటుకొద్దీ మాస్టారు కాగితం తీశారు. "పేరు, బండి నంబరు చెప్పండి. పైవాళ్లకిస్తాను."

ఆయన ఇంటిపేరుతో సహా చెప్పాడు. "వెనకాల మా తోడల్లుడొస్తున్నాడు, ఆయనదీ రాసెయ్యండి" అని, కారు పక్కకు తీసి, మంట చూడ్డానికి ఎప్పుడు పిలుస్తారా అని కూర్చున్నాడు. అది చూసి రెండో కారు ఆయన వెనక నిలిచింది.

మంచినీళ్లు తెచ్చిన బావమరిది మురిసిపోయి ఫోటో తీశాడు. "మలుపు దగ్గర మా బావగారు పేర్లు రాస్తున్నారు" అని ఊరి గ్రూపులో పెట్టాడు. అరగంటలో ముప్ఫై బండ్లు వచ్చాయి.

"తీసెయ్యరా అది!"

"ఇప్పుడెలా బావా? మా అత్తగారు కూడా బయల్దేరారు."

ఒకావిడ మంట వైపు వీపు పెట్టి, "ఫోటోలో పొగ పడుతోందా? ఇంకాస్త వెనక్కి జరగనా?" అని భర్తను అడుగుతోంది.

"వద్దమ్మా, నిప్పులున్నాయి!"

"పేరు రాయించుకున్నాం కదండీ!"

పదింటికి ట్యాంకరు వచ్చి వరస చివర ఆగింది. హారను కొడితే ముందు కారులోంచి తల బయటికొచ్చింది. "లైన్లో రావయ్యా! అందరం చూడ్డానికే వచ్చాం." పైన ఆఫీసు గది కిటికీ చెక్క అంటుకుంది. మాస్టారు బతిమాలారు, అరిచారు, చివరికి గొంతు పోయింది.

ట్యాంకరు దిగి వచ్చిన అగ్నిమాపక అధికారి కాగితం అందుకుని చూశారు. "డెబ్బై మంది వాలంటీర్లా! ముందే చెప్పరేం మాస్టారూ?" వెంటనే మైకు తీశారు. "జాబితాలో ఉన్నవాళ్లంతా రండి. తలా ఒక పార. మంట పక్కన కందకం తవ్వాలి."

మొదటి కారాయనకు ఏదో పెళ్లి గుర్తొచ్చింది. తోడల్లుడికి నడుం పట్టేసింది. ఆవిడ పొయ్యి మీద పాలు పెట్టి వచ్చిందట. ఐదు నిమిషాల్లో దారి ఖాళీ అయి ట్యాంకరు పైకి వెళ్లింది. ఒక్క కారు మాత్రం స్టార్టు కాలేదు. దాని యజమాని సాయంత్రం దాకా తవ్వాడు. తన పేరు ఎక్కడా రాయొద్దన్నాడు.

కిటికీ పోయింది, బీరువా నిలిచింది. మాస్టారు సర్టిఫికెట్లు రెండుసార్లు లెక్కపెట్టారు. అన్నీ ఉన్నాయి.

సోమవారం ఏడో తరగతిని ఎక్కడ కూర్చోబెట్టాలో ఇంకా తేలలేదు.